మెడలో హోరు ఆగింది
మా చెల్లికి కుడి చెవి వెనకాల ఎప్పుడూ హోరు. అదీ గుండె లయలోనే. మెడ మీద చెయ్యి పెడితే నా వేళ్లకి కూడా సన్నగా అదురు తెలిసేది. చెవి డాక్టరేమో చెవిలో ఏ లోపమూ లేదన్నారు. చివరికి యాంజియోగ్రామ్‌లో తేలింది: వెన్నుపూసల గుండా మెదడుకి వెళ్లే ధమని నేరుగా సిరతో కలిసిపోయింది. మధ్యలో ఉండాల్సిన సన్నని రక్తకేశనాళికలు అక్కడ లేవు. దాంతో రక్తం ధమనిలోని ఒత్తిడితోనే సిరలోకి దూకుతోంది. ఆ హోరు దానిదే.

మెడ కోస్తారేమోనని అమ్మకి ఒకటే టెన్షన్. కోయలేదు. తొడ మొదట్లో చిన్న రంధ్రం చేసి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ సన్నని గొట్టాన్ని రక్తనాళంలోంచి మెడదాకా పంపారు. ధమని, సిర కలిసిన చోట ప్లాటినం కాయిల్స్ పెట్టి మూసేశారు. కాయిల్ అంటే వెంట్రుకంత తీగ, లోపలికి వెళ్లాక చుట్ట చుట్టుకుంటుంది. పక్షవాతం వచ్చే ప్రమాదం ఉందని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. ఆపరేషన్ కంటే ఆ కాగితం చదవడమే నాకు కష్టమైంది.

మెలకువ రాగానే "అక్కా, చప్పుడు లేదే!" అంది. కాలు కదపకుండా పడుకోమన్నందుకు మాత్రం నర్సుతో గొడవే. కొన్నాళ్లు బరువులు ఎత్తొద్దన్నారు, తర్వాత మళ్లీ స్కాన్ ఉంటుందట.