కాలవలో పెడల్ బోట్లు

నిన్న సాయంత్రం మా ఊరి లాకుల దగ్గర బండి ఆపి టీ తాగుతుంటే ఆ పాత పిచ్చి మళ్లీ మొదలైంది. ఇక్కడే ఓ నాలుగు పెడల్ బోట్లు, కొబ్బరిచెట్ల మధ్య రెండు ఉయ్యాలలు, పక్కన పునుగుల బండి, పిల్లలకి టికెట్ 30 రూపాయలు, అంతే, పెద్ద పార్కేం కాదు. ఆదివారం పిల్లల్ని ఎటైనా తీసుకెళ్లాలంటే అంతర్వేది బీచ్, లేదంటే దిండి వెళ్లి హౌస్‌బోట్లని గట్టు మీంచి చూసి రావడమే (ఆ రేట్లు మనకెందుకులెండి).

మా బావకి చెప్తే ఒకటే నవ్వు. "ఒరేయ్, పిల్లలకి సెలవులెప్పుడు? ఎండాకాలం. కాలవకి నీళ్లు కట్టేసేదెప్పుడు? ఎండాకాలమే. బురదలో తొక్కిస్తావా బోట్లు?" నిజమే కదా! 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టేసిన కాటన్ దొర నా టికెట్ల గురించి ఆలోచించలేదు మరి.

పైగా నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క. ఊదా పూలతో దూరానికి బాగానే ఉంటది, కర్రతో ఓ గుబురు లాగితే మూరెడు వేళ్లు, వాటికి చుట్టుకుని రెండు ప్లాస్టిక్ గ్లాసులు, ఓ ఎడమకాలి చెప్పు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టుల బోటు మునిగింది గుర్తొస్తే మాత్రం నవ్వు రాదు, లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కణ్ణీ ఎక్కించను.

ఇప్పుడు ఖాళీగా ఉన్న ఓ చేపల చెరువు లీజుకి అడిగా, చెరువు ఓనరు చెప్పిన రేటుకి చేతిలో టీ చల్లారిపోయింది. అయినా రాత్రి కూర్చుని బోట్ల రంగులు రాసుకున్నా. పసుపుది ఒకటి ఖాయం.