ఇల్లు చూడకముందే అడిగే అడ్వాన్సు

ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో హాస్టల్ గది ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు నాకూ నా ఇద్దరు మిత్రులకూ పది రోజుల గడువు మాత్రమే మిగిలింది, పైగా అవి పరీక్షల రోజులు. ఒక సాయంత్రం ఫోనులో ప్రకటనలు తిరగేస్తుండగా, కళాశాలకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఆ చుట్టుపక్కల అద్దెల్లో ఇంచుమించు సగానికే రెండు పడకగదుల ఫ్లాట్ ఒకటి కనిపించింది. అంత తక్కువకు ఎందుకిస్తున్నారని అనుమానపడవలసిన చోట మేము మా అదృష్టానికి మురిసిపోయాము. యజమానినని చెప్పుకున్న మనిషి ఎంతో మర్యాదస్తుడు. తాను ఉద్యోగరీత్యా విదేశంలో ఉన్నాననీ, ఒక నెల అద్దె అడ్వాన్సుగా పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయనీ, మరో ఇద్దరు కూడా అడుగుతున్నారు కనుక ఆ రాత్రికే తేల్చి చెప్పమనీ అన్నాడు.

మమ్మల్ని గట్టెక్కించింది తెలివితేటలు కావు, గోడమీది ప్లగ్ పాయింట్లు. మాలో ఒకడికి ప్రతి ఫొటోనూ పెద్దది చేసి చూసే అలవాటు ఉంది. హాలు ఫొటోలో సాకెట్ రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయి, పడకగది ఫొటోలో పలకలుగా ఉన్నాయి. ఒకే ఇంట్లో రెండు దేశాల సాకెట్లు ఎందుకుంటాయి? హాలు ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే, అది ఎక్కడో అమ్మకానికి పెట్టిన వేరే ఇంటిదని తేలింది. బొమ్మతో బొమ్మను వెతికే ఈ సౌకర్యాన్ని టిన్‌ఐ అనే వెబ్‌సైటు 2008 నుంచీ, గూగుల్ 2011 నుంచీ ఉచితంగా అందిస్తున్నా, మాకు అది ఆ రాత్రి వరకూ గుర్తుకు రాలేదు. అయితే వెతుకులాటలో ఏమీ దొరకనంత మాత్రాన ప్రకటన నిజమని అనుకోకూడదు. ఫొటోను అద్దంలోలా తిప్పినా, అంచులు కత్తిరించినా, వీడియోలోంచి తీసుకున్నా అది దొరకకపోవచ్చు.

ఆ తరువాత ఇళ్లు వెతికిన ప్రతిసారీ నేను పెట్టుకున్న నియమం వరుసకు సంబంధించినది: ముందు ఇల్లు చూడాలి, తరువాత ఇస్తున్న మనిషికి ఆ హక్కు ఉందో లేదో తెలుసుకోవాలి, ఆపైన ఒప్పందం చదివి సంతకం చేయాలి, డబ్బు మాట అన్నిటికంటే చివర రావాలి. మోసగాడు చేసేదల్లా ఈ వరుసను తలకిందులు చేయడమే. టోకెన్ అనండి, దరఖాస్తు రుసుము అనండి, ఇల్లు చూపించడానికి గేటు పాస్ అనండి, పేరు ఏదైనా అడిగేది చూడకముందు ఇచ్చే డబ్బే. మొత్తం చిన్నదైతే పోతే పోయిందిలే అనుకుంటాం, కానీ ఆ చిన్న మొత్తం చెల్లించిన వాడికే రెండో రోజున పెద్ద మొత్తం కోసం ఫోన్ వస్తుంది, అప్పటికే కొంత పెట్టాం కనుక వెనక్కి తగ్గడానికి మనసు ఒప్పదు.

ఇల్లు కళ్లారా చూసినా మోసపోయిన వాళ్లున్నారు, నాకు అన్నిటికంటే భయంకరంగా తోచేది ఈ రకమే. ఎవరో నాలుగు రోజుల కోసం ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుని, యజమానిలా తాళం తీసి చూపించి, వరుసగా పది మంది దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని మాయమవుతాడు. పదిమందీ ఒకే ఉదయం సామాన్లతో ఆ గుమ్మం ముందు కలుసుకుంటారు. కనుక తాళం ఉన్నవాడల్లా యజమాని కాడు. ఆస్తిపన్ను రశీదు మీదా, కరెంటు బిల్లు మీదా ఉన్న పేరు, మనిషి గుర్తింపు కార్డు మీది పేరు, డబ్బు పంపమన్న ఖాతా పేరు ఒకటేనా అని సరిపోల్చుకోవాలి. కాగితాలను కూడా దొంగగా తయారుచేయవచ్చు కాబట్టి, పక్కింటి తలుపు తట్టి ఈ ఇల్లు ఎవరిదని అడగడం నా అనుభవంలో వీటన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. ఖాళీ చేసి వెళ్తున్న సీనియర్ తన గది ఇస్తానన్నా, అతడి మాటతో పాటు అసలు యజమాని అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

దూరపు ఊరిలో చేరబోతూ ముందుగా వెళ్లి చూడలేని విద్యార్థి ఏం చేయాలి? ఆ ఊళ్లో తెలిసినవారిని పంపడం మేలు. అదీ కుదరకపోతే వీడియో కాల్ అడగాలి, ముందే తీసి పెట్టిన వీడియోతో సరిపెట్టుకోకూడదు. వీధిలోంచి మొదలుపెట్టి గేటు, మెట్లు, గుమ్మం మీది నంబరు మీదుగా ఆగకుండా లోపలికి నడవమనండి, వంటగది కుళాయి తిప్పమనండి, కిటికీలోంచి ఎదురుగా ఏముందో చూపించమనండి. నిజమైన యజమాని విసుక్కుంటూనైనా చూపిస్తాడు; నెట్‌వర్క్ బాగాలేదనే సాకు రెండోసారి వినిపిస్తే ఆ ఇంటి మీద ఆశ వదులుకోవడమే.

గుర్తింపు పత్రాల సంగతి కూడా ఇంతే. ఇల్లు ఖాయం కాకముందు నకళ్లు పంపవద్దు. పంపక తప్పనప్పుడు, అక్షరాల మీదుగా అడ్డంగా ఎవరికి, ఏ పని కోసం, ఏ తేదీన ఇచ్చారో రాసి పంపితే దాన్ని మరోచోట వాడుకోవడం కష్టమవుతుంది.

డబ్బు పోయాక సిగ్గుపడి ఊరుకోవడమే అసలు నష్టం. మొదటి ఫోన్ బ్యాంకుకు చేయాలి, ఎందుకంటే ఆ సొమ్ము ఇంకో ఖాతాకు మారకముందైతే ఆపగలిగే అవకాశం ఎక్కువ. సంభాషణను అవతలివాడు చెరిపేయకముందే స్క్రీన్‌షాట్లు తీసుకుని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. కొంత రుసుము ఇస్తే పోయిన డబ్బు తెచ్చిపెడతామంటూ తరువాత వచ్చే వాళ్లు సాధారణంగా అదే కోవకు చెందిన రెండో దొంగలు.

మేము ఆ ప్రకటన మీద ఫిర్యాదు చేశాము, రెండు రోజుల్లో అది తీసివేయబడింది. వారం తిరక్కుండా మరో పేరుతో, మరో పేటలో, ఇంకాస్త తక్కువ అద్దెకు అదే ఫ్లాట్ మళ్లీ కనిపించింది. ఈసారి సాకెట్లు ఉన్న మూలలను రెండు ఫొటోల్లోనూ కత్తిరించేశారు.