అనంతగిరి నుంచి వాడపల్లి దాకా

"మూసీని చూడ్డానికి పెట్రోల్ దండగెందుకు బావా, చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద ముక్కు మూసుకుని నిలబడితే సరిపోదా?" అన్నాడు మా బావమరిది. నేనుండేది నాగోలులో. ఇన్నేళ్ళుగా రోజూ దాటే ఏటిని ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా చూడాలని నా పట్టుదల. సంక్రాంతి సెలవులు ఇంకా రెండు రోజులున్నాయనగా వాడి బండి మీదే బయల్దేరాం.

వికారాబాద్ దాటి అనంతగిరి ఎక్కేసరికి ఎనిమిదైంది. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. అనంతపద్మనాభస్వామి గుడి దాటి కిందికి దిగితే రాళ్ళ సందున సన్నటి పాయ. పాదం కూడా మునగదు. అడుగున పడి ఉన్న ఎండుటాకు ఈనెలు లెక్కపెట్టొచ్చు. ముచుకుందుడు ఇక్కడి గుహలోనే నిద్రపోయాడని, ఆ పేరే నదికి వచ్చిందని కొబ్బరికాయలమ్మే ముసలాయన చెప్పాడు. మావాడు దోసిలి పట్టి ముఖం కడుక్కున్నాడు. పిక్నిక్‌కి వచ్చినవాళ్ళ చిప్స్ కవర్లు మాత్రం అక్కడి నుంచే మొదలు.

తిరుగుదారిలో గండిపేట కట్ట మీద ఆగాం. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మళ్ళీ అలాంటి వరద రాకుండా 1920లో ఉస్మాన్‌సాగర్ (ఈ గండిపేట చెరువే), 1927లో మూసీలో కలిసే ఈసా ఏటి మీద హిమాయత్‌సాగర్ కట్టారు. నగరం బతికింది, తాగునీళ్ళూ దొరికాయి. కానీ వాననీళ్ళు ఆ కట్టల దగ్గరే ఆగిపోయాయి. గేట్లెత్తే నాలుగు రోజులు పోను, లంగర్‌హౌస్ బాపూఘాట్ దిగువన పారేదంతా మనం వదిలిందే. మురుగును పలచన చేయడానికి మంచినీళ్ళు లేని నది అది. ఈ సంగతి అంత సూటిగా నాకు ఎప్పుడూ తట్టలేదు, రోజూ చూస్తూ కూడా.

నగరం రోజుకు దాదాపు 195 కోట్ల లీటర్ల మురుగు వదులుతుందని జలమండలి 2021లో లెక్క వేసింది. అప్పటికున్న శుద్ధి ప్లాంట్లకు పట్టేది 77 కోట్ల లీటర్లే. అందుకే ఇంకో 31 ప్లాంట్లు తలపెట్టారు. అవి నడిస్తే మంచిదే. అయితే మామూలు ప్లాంటు చేసేది ప్రధానంగా కుళ్ళే పదార్థాన్ని తగ్గించడం. నీళ్ళలో కరిగిన ఉప్పును, ఫ్యాక్టరీల నుంచి చాటుగా కలిసే మందుల అవశేషాలను పట్టుకోవడానికి దాన్ని కట్టలేదు.

రాత్రికి ఇంట్లోనే పడుకుని, మర్నాడు కిందికి బయల్దేరాం. ప్రతాపసింగారం దగ్గర టైరు పంక్చరైంది. మావాడు బండి తోసుకుంటూ షాపు వెతుక్కోవడానికి వెళ్ళాడు. నేను ఏటి గట్టు మీద కూర్చున్నాను. ఏటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట, కత్వ మీంచి నీళ్ళు దూకే చోట నురగ మోకాలెత్తు లేచి, గాలికి తెప్పలుగా ఎగిరి గడ్డి మడుల్లో పడుతోంది. సబ్బు వాసన, దాని కింద కుళ్ళిన గుడ్ల వాసన.

గడ్డి కోస్తున్న ఒక పెద్దావిడ నన్ను కేకేసింది. "గా నీళ్ళల్ల కాళ్ళు పెట్టకు బిడ్డా, దురద పెడ్తది."

"మరి నువ్వు దిగావు కదమ్మా?"

"మాకు అలవాటే. కొబ్బరినూనె రాసుకోని దిగుతం." కాలు ముందుకు చాపింది. "ఎండి కడియాలు సూడు. మెరుగు పెట్టించి పది దినాలు గాలే."

కడియాలు ఇనుముకన్నా నల్లగా ఉన్నాయి. కుళ్ళే సరుకు ఎక్కువైతే నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు ఆక్సిజన్ అక్కర్లేని సూక్ష్మజీవులు పనికి దిగి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. గుడ్ల వాసన దానిదే, వెండిని నల్లబరిచేదీ అదే. పుస్తకంలో చదివిన ముక్క ఆమె కాలి మీద కనిపించింది.

వాళ్ళు పూర్వం వరే వేసేవాళ్ళట. "ఏపుగ పెరుగుతది గని గింజ పట్టది, అంత తాలే. గందుకే గడ్డి ఏసినం. బర్లోళ్ళు కొంటరు." నత్రజని మోతాదు మించితే వరి ఆకుకే పోతుంది, కంకికి రాదు. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు ఎక్కడికి పోతాయని అడిగితే, నగరం వైపు చెయ్యి చూపించి నవ్వింది. ఏటిని తిడుతుందేమో అనుకున్నాను. "నా పెండ్లప్పుడు ఎండకాలం ఏరు ఎండిపోయేది. ఇప్పుడు పన్నెండు నెలలు నీళ్ళే" అంది. ఆ నీళ్ళ మీదే బతుకు, ఆ నీళ్ళతోనే దురద. దీన్ని ఏ ఖాతాలో రాయాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

పంక్చరుకు గంటన్నర పోయింది.

సూర్యాపేటకు ఇవతల మూసీ ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి నురగ లేదు, వాసన లేదు. దారి పొడవునా కత్వల దగ్గర మురికి పేరుకుంటూ, కిందికి దూకిన చోటల్లా నీళ్ళకు గాలి తగులుతూ, నది తన్ను తాను కొంత కడుక్కుంటుంది. అయితే ముక్కుకు తెలిసేది పోయినంత తేలిగ్గా ఉప్పు పోదు. కట్ట మీద వల బాగుచేసుకుంటున్న ఒకాయన, తొలకరి వానకే చేపలు తేలతాయన్నాడు. నగరం నాలాల్లో నెలల తరబడి పేరుకున్నదంతా ఆ మొదటి వానకు ఒక్కసారిగా కొట్టుకొచ్చి, చేపకు ఊపిరాడనివ్వదు.

వాడపల్లి చేరేసరికి పొద్దు వాలుతోంది. దాదాపు 240 కిలోమీటర్లు నడిచిన మూసీ ఇక్కడ కృష్ణలో కలుస్తుంది. అగస్త్యేశ్వరుడి గుడి మెట్ల కింద నాలుగైదు కుటుంబాలు స్నానాలు చేస్తున్నాయి. నీళ్ళు తేటగానే ఉన్నాయి, మెట్ల అంచులు కనిపిస్తున్నాయి. మావాడు చొక్కా విప్పేసి నడుం లోతుకు దిగాడు. నేను ఒడ్డునే నిలబడ్డాను.

"దిగు బావా, ఇంకా ఆలోచనేంటి?"

"చూస్తున్నా..."

"నిన్న పొద్దున అక్క వాషింగ్ మెషీన్ వేసింది కదా. మీ ఇంటి నీళ్ళే. మొహమాటపడతావెందుకు?"

మెట్ల మీద కూర్చున్న పెద్దాయన పగలబడి నవ్వాడు. నేను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, రెండు మెట్లు దిగి, నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకున్నాను.