కొబ్బరి నమలాలి, చాక్లెట్ కరగాలి

ఎవరైనా రకరకాల చాక్లెట్లున్న డబ్బా తెరిస్తే నేను అస్సలు తొందరపడను. అందరూ తమకి కావలసినవి ఏరుకున్నాక అడుగున మిగిలేవి ఎలాగూ కొబ్బరివే, అవన్నీ నావే. కొబ్బరి చాక్లెట్ పడనివాళ్లు ఎంతమంది ఉన్నారంటే, 2022లో క్రిస్మస్ ముందు బ్రిటన్‌లో మార్స్ కంపెనీ సెలబ్రేషన్స్ అనే తన రకరకాల చాక్లెట్ల డబ్బాల్లో కొన్నిటిని బౌంటీ (లోపల కొబ్బరి ఉండే చాక్లెట్) లేకుండా అమ్మి చూసింది. ఆ వార్త చదివి నాకు కోపం రాలేదు గానీ, ఆ తీసేసిన బౌంటీలన్నీ ఎక్కడికి పోయాయా అని మాత్రం కాసేపు ఆలోచించాను.

కొబ్బరి చాక్లెట్ పడనివాళ్ల కంప్లైంట్ ఏంటంటే, చాక్లెట్ కరిగిపోయాక నోట్లో పిప్పి మిగులుతుందని. నాకు నచ్చేదే అది! చాక్లెట్లో ఉండే కోకో బటర్ దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఒంటి వేడి 37, కాబట్టి మంచి చాక్లెట్ ముక్క నాలుక మీద పెట్టుకున్న కాసేపటికే మాయమైపోతుంది. ఒక ముక్కతో ఆపలేకపోవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. అదే కొబ్బరి కలిస్తే నమలక తప్పదు, నమిలినంతసేపూ చాక్లెట్ రుచి నోట్లోనే తిరుగుతూ ఉంటుంది. అందుకే నేను డార్క్ చాక్లెట్ పార్టీ. కొబ్బరికీ తీపే, మిల్క్ చాక్లెట్‌కీ తీపే, రెండూ కలిస్తే మూడో ముక్కకి మొహం మొత్తేస్తుంది. ఇదేం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదులెండి, అమెరికాలో మౌండ్స్ అనే కొబ్బరి బార్ 1920లోనే వచ్చింది, అదీ డార్క్ చాక్లెట్‌తోనే. బౌంటీ వచ్చింది 1951లో.

కొబ్బరి చాక్లెట్ బార్లు ఇంట్లో చేద్దామని మొదటిసారి కూర్చున్నప్పుడు మాత్రం ఘోరంగా దెబ్బతిన్నాను. చాక్లెట్ చక్కగా కరిగించి, నిగనిగలాడుతోంది కదా అని మురిసిపోతూ, అప్పుడే తురిమిన పచ్చికొబ్బరి అందులో పడేశాను. పది సెకన్లు కూడా పట్టలేదు, మొత్తం ముద్దకట్టి తడిమట్టిలా అయిపోయింది. స్టవ్ మంట పెంచితే కరుగుతుందేమో అనుకుని ఇంకా చెడగొట్టాను. తర్వాత తెలిసింది, తప్పు మంటది కాదు, నీళ్లది. పచ్చికొబ్బరి బరువులో దాదాపు సగం నీరే. చాక్లెట్ అంటే కొవ్వులో తేలుతున్న చక్కెర, కోకో రేణువులు, దాంట్లో నాలుగు చుక్కలు నీళ్లు పడ్డాయంటే ఆ చక్కెర తడిసి రేణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. విచిత్రం ఏంటంటే, కొంచెం నీరు పడితే పాడయ్యేది, ఇంకొంచెం పోస్తే బాగుపడుతుంది. అంటే ఇలా ముద్దకట్టినప్పుడు పారేయకుండా వేడి కొబ్బరిపాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే మళ్లీ నున్నగా వస్తుంది. బార్ల మీద పూతకి పనికిరాదు గానీ గనాష్ (చాక్లెట్, పాలు కలిసిన చిక్కటి క్రీమ్) అయి కూర్చుంటుంది. కేక్ మీద పోసుకోవచ్చు, లేదా స్పూన్‌తో తినేయవచ్చు, నేను రెండోది చేస్తాను.

అప్పటినుంచి బార్లకి ఎండు కొబ్బరి పొడే. కొలతలు గట్టిగా పాటించే మనిషిని కాను గానీ, 200 గ్రాముల పొడికి సుమారు 200 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ సరిపోతుంది, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల మధ్య నుంచి జారకూడదు. ఉప్పు ఒక చిటికెడు, ఇది మాత్రం మానొద్దు. పొడిలో సగం సన్నమంట మీద లేత బంగారు రంగు వచ్చేదాకా వేయిస్తాను, పక్కనే నిలబడి కలుపుతూ ఉండాలి, ఫోన్ చూసుకుంటూ ఉంటే మాడిపోతుంది (అనుభవం). మిగతా సగం అలాగే వదిలేస్తాను, మొత్తం వేయించేస్తే పొడిపొడిగా అయిపోయి ఆ మెత్తదనం పోతుంది. బార్ల ఆకారంలో నొక్కి ఫ్రిజ్‌లో ఒక గంట పెట్టాలి. ఫ్రీజర్‌లో పెడితే త్వరగా అవుతుంది కదా అనిపిస్తుంది, కానీ లోపలి ముద్ద మరీ గడ్డకట్టి ఉంటే, దాని చల్లదనం తగ్గేకొద్దీ పైన పూత పగుళ్లిస్తుంది.

ఇక పూత. టెంపరింగ్ అనేదొకటుంది, డార్క్ చాక్లెట్‌ని 45 డిగ్రీలు దాటించి కరిగించి, 28 దాకా చల్లార్చి, మళ్లీ 31, 32కి తేవాలి, అప్పుడే కోకో బటర్ సరైన పద్ధతిలో గట్టిపడి విరిచినప్పుడు టక్‌మంటుంది. ఓపికున్న రోజు చేస్తాను. లేని రోజు 200 గ్రాముల చాక్లెట్‌లో ఒక స్పూన్ కొబ్బరినూనె వేసి కరిగించి ముంచేస్తాను. పల్చగా, మెరుస్తూ వస్తుంది, కానీ కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీలకే కరిగిపోతుంది, పైగా కోకో బటర్‌ని కూడా మెత్తబరుస్తుంది, అందుకని ఈ బార్లు ఫ్రిజ్ దాటి బయటికొస్తే చేతికంతా అంటుతాయి. ఇదే గుణం ఐస్‌క్రీమ్ దగ్గర మాత్రం పండుతుంది. నూనె ఇంకాస్త ఎక్కువేసి గోరువెచ్చగా ఐస్‌క్రీమ్ మీద పోశారంటే చూస్తుండగానే గట్టిపడి పెంకులా తయారవుతుంది, స్పూన్‌తో ఠక్కున కొట్టి పగలగొట్టుకుని తినడమే. పిల్లలకంటూ చేస్తాను గానీ మొదటి దెబ్బ నాదే.

ఒకసారి బార్లు చూడ్డానికి భలేగా వచ్చాయి, కొరికితే సబ్బు రుచి! అల్మరాలో ఎప్పుడో తెరిచి మర్చిపోయిన కొబ్బరి పొడి ప్యాకెట్ వాడాను. కొబ్బరి కొవ్వులో దాదాపు సగం లారిక్ ఆమ్లం, తేమ తగిలి ఆ కొవ్వు విడిపోతే అచ్చం సబ్బు రుచే వస్తుంది. అంత చాక్లెట్ వేసినా ఆ రుచిని కప్పలేకపోయింది. ఇప్పుడు పొడి ఎంత కొత్తదైనా ముందు చిటికెడు నోట్లో వేసుకుని చూశాకే చాక్లెట్ బయటికి తీస్తున్నాను.

బద్ధకంగా ఉన్న సాయంత్రాలకి ఇంత తతంగం అక్కర్లేదు. గింజ తీసిన ఖర్జూరాలు, కొబ్బరి పొడి, కోకో పౌడర్ మిక్సీలో తిప్పి ఉండలు చుట్టుకుంటే చాలు, పంచదార కూడా వేయక్కర్లేదు. లేదంటే వేడి కొబ్బరిపాలలో డార్క్ చాక్లెట్ ముక్కలు కరిగించుకుని తాగడం.

మా చెల్లి కొబ్బరి పిప్పి వ్యతిరేక పార్టీ. మొన్న దానికి కొబ్బరిపాల గనాష్‌ని చల్లార్చి, గోలీలంత ఉండలు చేసి, కోకో పౌడర్‌లో దొర్లించి పెట్టాను. చాక్లెట్ రెండు వంతులు, పాలు ఒక వంతు, అంతే, తురుము లేదు, పిప్పి లేదు. మూడోది నోట్లో వేసుకుంటూ "అక్కా, ఇందులో ఏం వేశావే, ఏదో వాసన బాగుంది" అంది. కొబ్బరి అని చెప్పాను. ఒక్క క్షణం నమలడం ఆపి నావైపు చూసి, నాలుగోది తీసుకుంది.