నెలాఖరున ఆ మూడు రోజులు

రిటైరయ్యాక మొదటి ఏడాది, 28వ తారీఖు దాటితే నా చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు. నేను దుబారా మనిషినేం కాదు. పెన్షన్ పడగానే నాలుగు భాగాలు చేసి వారానికొకటి చొప్పున వాడుకుంటూ, ఎంత పద్ధతిగా బతుకుతున్నానో అని మురిసిపోయేవాణ్ణి కూడా. కానీ నాలుగు వారాలంటే 28 రోజులే కదా! ఏడాదిలో ఏడు నెలలకి 31 రోజులుంటాయి, ఆ మిగిలిన మూడేసి రోజులకి నేనసలు డబ్బే పెట్టుకోలేదు. ఈ ముక్క నా బుర్రకెక్కడానికి పది నెలలు పట్టింది. మా ఆవిడతో చెబితే పడీపడీ నవ్వింది.

అది తట్టిన రోజు బాగా గుర్తు. 26న కళ్లజోడు కాడ విరిగింది, బాగుచేయించడానికి డబ్బుల్లేక దారం చుట్టి ఐదు రోజులు నెట్టుకొచ్చాను. దాచుకున్నది ఉంది, కానీ జీతం ఆగిపోయాక దాంట్లో చెయ్యి పెట్టాలంటే అదో భయం.

ఇప్పుడు అద్దె, కరెంటు, ఫోను బిల్లులు పెన్షన్ పడిన మర్నాడే కట్టేస్తాను. ఏడాదికోసారి కట్టే బీమాలో పన్నెండో వంతు వేరే ఖాతాలోకి పోతుంది, ఆ ఖాతా కార్డు కావాలనే ఎక్కడో అడుగున పడేశాను. మిగిలినదాన్ని, నెల ఎన్ని రోజులదైనా సరే, 31తోనే భాగిస్తాను. వారానికో కవరు, చివర్లో మూడు రోజులకి ఓ బక్క కవరు. ఫిబ్రవరిలో ఆ బక్కదాన్ని విప్పే పనే ఉండదు. 31ని 12తో గుణిస్తే 372, ఏడాదికేమో 365 రోజులే, అంటే వారం రోజుల ఖర్చు దానంతటదే మిగిలిపోతుంది.

28 రోజులకోసారి డబ్బు అందుకునేవాళ్ల లెక్క వేరు. వాళ్లకి ఏడాదికి 13 సార్లు వస్తుంది, అద్దె మాత్రం 12 సార్లే కట్టాలి. వినడానికి బాగానే ఉంటుంది గానీ, డబ్బు పడే తారీఖు ప్రతిసారీ జరుగుతుంటే ఏ బిల్లుకి ఏది ఉంచుకోవాలో గుర్తుపెట్టుకోవడం నా వల్లయితే కాదు. సెలవు వచ్చిందని రెండు రోజులు ముందే డబ్బు పడినప్పుడు కూడా నాకు సంతోషం కన్నా టెన్షనే ఎక్కువ, తర్వాతి దానికి ఎడం పెరిగినట్టే కదా.

పోయినేడాది మిగిలిన ఆ వారం డబ్బుతో కొత్త కళ్లజోడు కొన్నాను. ఈ ఏడాదిది పంటి డాక్టరు పాలయ్యేలా ఉంది, నిన్నటి నుంచి కింది దవడ సలుపుతోంది.