ఆరు నిమిషాల నడక: నా అనుభవం

నిన్న సాయంత్రం మా బడి వరండాలో ఆరు నిమిషాల్లో 510 మీటర్లు నడిచాను, ఒక్కసారి కూడా ఆగకుండా. పన్నెండు వారాల కిందట అదే వరండాలో నాకేం జరిగిందో చెబితే ఈ సంతోషం ఎందుకో మీకు తెలుస్తుంది.

టీచర్ల కోసం 12 వారాల వ్యాయామ కార్యక్రమం పెడుతున్నాం, ఇష్టమున్నవాళ్లు పేర్లు ఇవ్వండి అన్నారు. నాకు 46 ఏళ్లు. 21 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. రోజంతా కాళ్ల మీదే ఉంటాం, మళ్లీ వ్యాయామం దేనికి అనుకునేదాన్ని. నిలబడితే కాళ్లు అలసిపోతాయే తప్ప ఊపిరికీ గుండెకూ పెద్దగా పని పడదు. అది నాకు మెట్లెక్కి క్లాసుకి వెళ్లి, రెండు నిమిషాలు మాట రాక బోర్డు వైపు తిరిగి నిలబడినప్పుడు తెలిసింది. పేరు ఇచ్చేశాను. ఫారం, బీపీ, సంతకం ఒక్క పూటలో అయిపోయాయి.

తర్వాత ఆత్మగౌరవాన్ని కొలిచే ప్రశ్నాపత్రం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోసెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన పది వాక్యాల కొలమానం అది. మొదట హైస్కూలు వయసు పిల్లల కోసం చేసిందట. సగం వాక్యాలు మన మీద మనకున్న మంచి అభిప్రాయం గురించి, సగం చెడ్డ అభిప్రాయం గురించి. రెండో రకానికి మార్కులు తిరగేసి వేస్తారు. నాకు 30కి 16 వచ్చాయి. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

ఇక నడక పరీక్ష. 30 మీటర్ల దూరానికి రెండు చివర్లా గుర్తులు పెట్టి, ఆరు నిమిషాల్లో ఎన్నిసార్లు అటూ ఇటూ నడవగలమో లెక్కపెట్టడం, అంతే. మా శిక్షకుడు దాన్ని ఇంటర్వెల్‌లో పెట్టాడు. ఎనిమిదో తరగతి పిల్లలంతా గోడ వెంట చేరి "ఒకటీ, రెండూ" అని గట్టిగా లెక్కపెడుతున్నారు. ముందు ఉత్సాహంగానే ఉంది, వేగం పెంచాను. ఏడో సారికి నోరు ఎండిపోయింది. పదోసారి చివరికి వచ్చేసరికి నాలుగో నిమిషం, కళ్ల ముందు చుక్కలు. గోడ పట్టుకున్నాను. నా చేతికున్న సుద్దపొడి గోడ మీద ఐదు వేళ్ల ముద్రగా పడింది. పిల్లల లెక్క ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. అప్పుడు శిక్షకుడు మైకులో నా పేరు చదివి, "300 మీటర్లు, పూర్తి చేయలేదు" అన్నాడు.

ఒక అమ్మాయి తన నీళ్ల సీసా తెచ్చి, "టీచర్, ఇంకా టైం ఉంది" అంది మెల్లగా. లేవలేకపోయాను.

ఆ రాత్రి ఆ పరీక్ష నియమాలు వెతికి చదివాను. ఊపిరితిత్తుల వైద్యుల సంఘమైన అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: నడిచే మనిషి నెమ్మదించవచ్చు, ఆగవచ్చు, గోడకు ఆనుకుని సేద తీరి మళ్లీ నడవవచ్చు. గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇది మొదలుపెట్టే ముందే చెప్పాలి. నాకెవరూ చెప్పలేదు. ఎంత కోపం వచ్చిందంటే నిద్ర పట్టలేదు. మైకు చేతిలో ఉన్నవాడికి కొలత పని అప్పగించకండి, ఇది నా మొదటి సలహా. రెండోది, ఏ పరీక్షైనా సరే నియమాలు ముందే అడిగి తెలుసుకోండి.

కోపంతో పాటు ఇంకో మాట కూడా గుచ్చింది. 21 ఏళ్లుగా యూనిట్ టెస్ట్ మార్కులు నేనూ పేరు పేరునా పైకే చదివాను. సున్నా వచ్చిన పిల్లవాడు తల దించుకుంటే, సిగ్గుపడితేనే చదువుతాడు అనుకున్నాను. సిగ్గుపడితే నేను లేవలేకపోయాను కదా. ఇప్పుడు పేపర్లు బోర్లించి ఎవరివి వాళ్ల చేతికే ఇస్తున్నాను.

తర్వాతి వారాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నేను రోజుకి 25 నిమిషాల చొప్పున ఆరు రోజులు నడిచాను, మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంతో. రెండు రోజులు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు పుషప్‌లు. బరువు ఒక్క కిలో తగ్గింది. బరువు కోసమైతే మూడో వారమే మానేసేదాన్ని. కానీ ఐదో వారంలో నోటుపుస్తకాల కట్ట పట్టుకుని మూడో అంతస్తు ఎక్కి, గుమ్మంలోంచే పాఠం మొదలుపెట్టాను. ఆ రోజు నేను పొందిన ధైర్యం ఏ మెచ్చుకోలూ ఇవ్వలేదు.

నిన్నటి పరీక్ష బడి వదిలాక పెట్టమని, ఫలితం ఎవరిది వాళ్లకే కాగితం మీద ఇవ్వమని నేనే పట్టుబట్టాను. శిక్షకుడు ముఖం ముడుచుకున్నాడు గాని ఒప్పుకున్నాడు. పదిహేడు సార్లు నడిచాను. ప్రశ్నాపత్రంలో ఈసారి 23. ఈ కాగితం మడవలేదు.

వచ్చే నెల రెండో బృందం మొదలవుతుంది. స్టాప్‌వాచ్ నేను పట్టుకుంటానని పేరు ఇచ్చాను. "అలసిపోతే ఆగండి, గోడకు ఆనుకోండి, మళ్లీ నడవండి" అని ప్రతి ఒక్కరికీ చెప్పాకే దాన్ని నొక్కుతాను.