గలివర్ ఛార్జిషీటు సినిమాల్లో యాడ పోయింది?

జోనాథన్ స్విఫ్ట్ ఇంగ్లీషు నవల 'గలివర్స్ ట్రావెల్స్'లో, చిట్టి మనుషుల దేశమైన లిల్లిపుట్ రాణి అంతఃపురం అంటుకుంటే, అక్కడ చిక్కుకున్న మామూలు మనిషి గలివర్ దాన్ని ఎట్లా ఆర్పినాడో పిల్లల పుస్తకాల్లో సాధారణంగా రాయరు. ముందు రోజు సాయంత్రం పట్టించిన ద్రాక్షసారా పుణ్యమా అని, మూడు నిమిషాలు ఒంటికి పోసి ఆర్పేసినాడు. నవ్వొస్తుంది, నిజమే. అయితే స్విఫ్ట్ వాత పెట్టింది అక్కడ కాదు, రెండు అధ్యాయాల తర్వాత. కోట ఆవరణలో ఒంటికి పోయడం నేరమని పాత చట్టం ఒకటి ఉంది కాబట్టి, మంటలార్పినోడి మీద రాజద్రోహం ఛార్జిషీటు తయారవుతుంది. చంపేద్దామని కొందరంటే, స్నేహితుడైన మంత్రి అడ్డుపడి, దయతలచి కళ్లు మాత్రం తీసేద్దామంటాడు. తిండి కొంచెం కొంచెం తగ్గించి మాడ్చే ఏర్పాటు దానికి కొసరు. రాజుగారి కరుణను పొగుడుతూ దండోరా పడితే ఆ ఊరి జనం వణికిపోతారట.

నిప్పు ఆర్పే సీను సినిమాకు చిక్కుతుంది. ఛార్జిషీటు చిక్కదు, అది కాగితం మీద ఉండే వెటకారం కాబట్టి. 1726 నాటి ఈ పుస్తకాన్ని తెరకెక్కించినోళ్లలో ఎక్కువమంది ఇక్కడే బోర్లా పడినారు. 1939లో ఫ్లైషర్ సోదరులు తీసిన కార్టూన్ చిత్రం చూడండి. గుడ్డును పెద్ద కొసన పగలగొట్టాలా, చిన్న కొసనా అని పుస్తకంలో పదకొండు వేల మంది చస్తారు. అదంతా మతం పేరిట జరిగిన నెత్తుటి మీద విసురు. సినిమాలో ఆ తగువు కాస్తా పెళ్లిలో ఏ దేశం పాట పాడాలన్న పేచీ అయింది. కథకేం లోటు రాలేదు, కోరలు మాత్రం రాలిపోయినాయి. 2010లో జాక్ బ్లాక్ సినిమా మూత్రం సీనును ఉంచింది, కానీ ఉత్త నవ్వు కోసం. మన దేశంలో 2003లో జావేద్ జాఫ్రీతో హిందీలో వచ్చిందీ పిల్లల సినిమానే.

1996 టీవీ సిరీస్ వేరు. నాలుగు యాత్రలూ తీసింది. దాంట్లో అసలు తెలివి గ్రాఫిక్స్‌లో లేదు. ఇంటికొచ్చిన గలివర్‌ను పిచ్చాసుపత్రిలో వేసి, కథంతా అక్కడ చెప్పించినారు. వాడు చెప్తుంటే జనం నమ్మరు, మనం నమ్ముతాం. పుస్తకంలో గలివర్ అమాయకంగా, సీరియస్‌గా చెప్పుకుపోతుంటాడు. ఆ గొంతు ఉంటేనే వెటకారం పనిచేస్తుంది, గొంతు తీసేస్తే మిగిలేది బొమ్మల కొలువే.

ఇంకో దారి దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ 'బారీ లిండన్' సినిమాలో పట్టినాడు. ఇంగ్లీషు రచయిత థాకరే రాసిన ఆ నవలలో బారీ లిండన్ తన గొప్పలు తానే చెప్పుకుంటాడు, చదివేవాడికి వాడి బండారం మాటల సందుల్లోంచి కనబడుతుంది. 1975 సినిమాలో ఆ గొంతు తీసేసి, మూడో మనిషి చేత తాపీగా చెప్పించినారు. బారీకి పిల్లలు మిగలరని, కొడుకుకు ప్రమాదం జరగకముందే ఆ గొంతు చెప్పేస్తుంది. బొమ్మ గంభీరంగా, మాట చల్లగా సాగుతాయి. ఆ రెంటి మధ్య ఎడమే వెటకారం. మన 'బారిష్టర్ పార్వతీశం'కు కూడా ఇదే చిక్కు. 1940లోనే సినిమా తీసినారు గానీ, ఆ పుస్తకంలో పార్వతీశం తనను చూసి తాను నవ్వడు. నటుడు కొంచెం నవ్వించాలని చూసినా పాత్ర పల్చబడిపోతుంది.

సరే, గొంతు సంగతి తేల్చుకుంటే తర్వాత కొలత. లిల్లిపుట్‌లో అంతా మన కొలతలో పన్నెండో వంతు, గలివర్ తర్వాత చేరే రాక్షసుల దేశం బ్రాబ్డింగ్‌నాగ్‌లో పన్నెండింతలు. లేపాక్షి బసవన్న 27 అడుగుల పొడవు, మామూలు ఎద్దుకు మూడు నాలుగింతలే. బ్రాబ్డింగ్‌నాగ్ ఎద్దు ఆ బసవన్నకు ఇంకో మూడింతలుండాలి. పన్నెండింతలంటే అదీ.

మన కర్నూలు, అనంతపురం బయళ్లలో గ్రాఫిక్స్ లేకుండానే లిల్లిపుట్ తీయొచ్చు. గలివర్‌ను కెమెరాకు 5 అడుగుల్లో పడుకోబెట్టండి, లిల్లిపుట్ జనాన్ని 60 అడుగుల దూరంలో నిలబెట్టండి, పన్నెండింతల దూరం కాబట్టి పన్నెండో వంతుగా కనబడతారు. ఫుల్‌ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాకు 24 మి.మీ. లెన్స్ వేస్తే 5 అడుగుల దగ్గర ఏడున్నర అడుగుల వెడల్పు పడుతుంది, మనిషి తల నుంచి కాళ్ల దాకా వస్తాడు. 35 మి.మీ. లెన్స్ అయితే అయిదడుగుల చిల్లరే, మోకాళ్లు మడవాల్సిందే. 24 మి.మీ. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 11కు కుదించి ఫోకస్ 6 అడుగుల దగ్గర ఆపితే మూడడుగుల నుంచి కనుచూపు మేర దాకా షార్ప్‌గా ఉంటుంది. కెమెరా వెలుగు పట్టే కొలత ఐఎస్‌వో 100 మీద, సెకనుకు 24 ఫ్రేములకు మన ఎండ రెండు స్టాపులు, అంటే నాలుగింతలు, ఎక్కువైతుంది, ఆ మేరకు వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేయాలి.

ఎక్కువమంది తప్పు చేసేది లెన్స్ ఎత్తులో. చిన్నోళ్లు గలివర్ ఛాతీ మీద నిలబడినట్టు కనబడాలంటే, నేల చదునుగా ఉన్నచోట ఛాతీ ఎత్తును 12తో గుణించి 11తో భాగించాలి. ఛాతీ 9 అంగుళాలుంటే లెన్స్ 10 అంగుళాలకు కాస్త తక్కువ. అంగుళం కిందికి దిగితే చిన్నోళ్ల పాదాలు మాయమైతాయి, పైకెక్కితే గాల్లో తేల్తారు. పడుకున్నోడు ఊపిరి గట్టిగా పీల్చినా అంతే! కెమెరా తిప్పొద్దు. తిప్పక తప్పదంటే లెన్స్ నోడల్ పాయింట్ (తిప్పినా దగ్గరవి, దూరమైనవి ఒకదానికొకటి జరగని చోటు) మీదనే తిరగాల, లేకుంటే దగ్గరోడు ఒకపక్కకు, దూరమోళ్లు ఇంకోపక్కకు జరిగి గుట్టు రట్టవుతుంది. నేలకు పది అంగుళాల్లో లెన్స్ పెట్టినప్పుడు ఎండాకాలం నల్లరేగడి మీద వేడి అలలు లేస్తాయి, 60 అడుగుల్లో ఉన్నోళ్లు నీళ్లలో ఉన్నట్టు ఊగుతారు. పొద్దున తొమ్మిది లోపల ముగించుకోండి. మబ్బు తునక ఒకరి మీదే పడినా షాట్ పోయినట్టే. గండికోట, లేపాక్షి లాంటి చోట్ల పురావస్తు శాఖ అనుమతి ముందే రాయించుకోవాలి.

నడిచే రాక్షసుణ్ని సెకనుకు 83 ఫ్రేముల్లో తీసి, 24లో చూపించాలి. 12కు వర్గమూలం 3.46, దాన్ని 24తో గుణిస్తే వచ్చేదే ఆ లెక్క. అప్పుడే ఒంటికి బరువొస్తుంది. కానీ అదే షాట్‌లో చిన్నోళ్లుంటే వాళ్లూ నీరసపడతారు, విడివిడిగా తీసి కలపాలి. మాటలున్న షాట్‌కు అసలు వద్దు.

డబ్బు లేనోళ్లకు ధర్మవరం పక్కన తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంట ఉండాది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క కథ మధ్యలో దూరి పెద్దోళ్లను ఎగతాళి చేయడం పాత పద్ధతే. ఛార్జిషీటు వాళ్ల చేత చదివిస్తే, 1996 వాళ్లకు పిచ్చాసుపత్రి చేసిన పని ఇక్కడ కేతిగాడు చేస్తాడు. లిల్లిపుట్ బొమ్మలను ఆరంగుళాలకు కోయించి తెరకు ఆనించి ఆడించాలి. గలివర్ బొమ్మ రెండడుగులదైనా చాలు. దీపం తెరకు 6 అడుగుల్లో, బొమ్మ దీపానికి 2 అడుగుల్లో ఉంటే తెర మీద మూడింతలై ఆరడుగులొస్తుంది, అక్షరాలా పన్నెండింతలు. దీపంగా ట్యూబ్‌లైట్ పనికిరాదు, వెలుగు వెడల్పయ్యేకొద్దీ అంచులు అలికినట్టవుతాయి. మూతలేని ఒక్క చిప్ ఎల్‌ఈడీ బల్బు తెచ్చుకోండి.